సూసన్నను ఎవరూ అడగలేదు

బైరకూరు,
జనవరి 20

అమ్మా చంద్రికా,

తాత రామాంజినప్ప రాసేది. అక్షరాలు వంకరగా ఉంటే ఉండనీ. గనిలో షిఫ్టు ముగించుకొని వచ్చి రాత్రి బడిలో నేర్చుకున్న చదువు ఇది. ఒత్తులు పూరా నేర్పించే లోపలే అయ్యవారు ఊరు మారిపోయినాడు.

ఫోను చేయక జాబు ఏంటికి అని అడుగుతావు. ఫోను మీ అమ్మది. ఆమె పక్కన కూర్చోనుంటే ఈ సంగతి మాట్లాడేదానికి కాదు. "చంద్రికకు చెప్పొద్దు నాయనా, నేర్చుకునే పని ఇడిసిపెట్టి వచ్చేస్తాది" అని నా చేత ఒట్టు వేయించుకొనింది. నోటితో చెప్పనని ఒట్టు వేసినాను. చేత్తో రాయనని వేయలేదు.

ఇంగ విను. పాల సంఘం ఆడోళ్ళ సంఘమై, మీ అమ్మ సెక్రెటరి కుర్చీలో కూర్చున్న నాటి నుంచీ దొడ్డమునియప్పకూ చెన్నరాయప్పకూ అన్నం అరగలేదు. ముందు ఆ పెత్తనమంతా వాళ్ళిద్దరిదే కదా. ఇప్పుడు ఇద్దరూ కూడబలుక్కొని ముళబాగిలు పాల ఆఫీసులో అర్జీ ఇచ్చినారు. నేత్రావతి పొద్దున్నే డైరీ వెనకాల పాల క్యానుల్లో నీళ్ళు పోస్తా ఉంటే మా కండ్లతో చూసినాము అని రాసినారు. ఆ పాలు ఎవరో ఏ పొద్దో తాగేసినారు. ఇంగ పరీక్ష చేసేదానికి ఏముండాది? మాటకు మాట. ఇద్దరు పెద్దమనుషుల మాట ఒకపక్క, మీ అమ్మ మాట ఒకపక్క.

మార్చి నెలలో ఆఫీసరు వచ్చి ఊరందరి ముందర విచారణ చేస్తాడంట. అది నిజమని తేలితే మీ అమ్మను పనిలోంచి తీసేస్తారు. పని పోతే పోయింది, ఇంట్లో ఆవులున్నాయి, చేనుంది. పాలల్లో నీళ్ళు కలిపిన ఆడది అనే పేరు మాత్రం యాడికీ పోదు. ఇప్పుడే పాలు పోసే ఆడోళ్ళు కొందరు మీ అమ్మ మొగం చూడకుండా కొలత రాయించుకొని పోతా ఉండారు. ఆమె ఇంటికి వచ్చి పాత్రలు గట్టిగా తోముతాది.

మీ నాయన "గలాటా ఏంటికి, ఆ పని ఇడిసిపెట్టు" అని చెప్పి లారీ ఎక్కి చిత్తూరు పోయినాడు. ఆయప్ప ఎప్పుడూ అంతే. నేను మారికుప్పంలో గనోళ్ళ లైను ఇంటికి బీగం వేసి ఈడికి వచ్చేసినాను. నా కూతురు దొంగ కాదు. అది ఊరి చేత చెప్పించే దాకా నేను ఈడ్నే ఉంటాను.

నువ్వు రావద్దు. వచ్చి ఏం చేస్తావు, ఏడుస్తావు. దానికి మీ అత్తలుండారు. నువ్వు ఆడ ఏం చేస్తా ఉండావో రాయి. సముద్రం దాటి పోయి పాత పటాలు తుడిచేది నేర్చుకుంటా ఉండానని చెప్తివి. పటం తుడిచే గుడ్డ ముళబాగిల్లో దొరకదా?

జాబు ఇంటికి రాయొద్దు. మీ అమ్మ చూస్తాది. మారప్ప టీ అంగడి, బైరకూరు అని రాస్తే చాలు.

నీ తాత
రామాంజినప్ప

*

ఆంట్వెర్ప్, బెల్జియం
ఫిబ్రవరి 6

తాతా,

నీ జాబు చదివి టికెట్టు చూసినాను. తర్వాత "వచ్చి ఏడుస్తావు" అన్న మాట ఇంకోసారి చదివి కంప్యూటర్ మూసేసినాను. రాను. కానీ ప్రతి సంగతీ నాకు రాయాలి. దాచిపెడితే అమ్మకు ఫోన్ చేసి అంతా చెప్పేస్తాను.

నువ్వు నమ్ముతావో లేదో, ఇప్పుడు నా బల్ల మీద ఉన్న పటం కూడా ఒక విచారణే. ఒక ఆడమనిషి మీద ఇద్దరు పెద్దమనుషులు చెప్పిన అబద్ధం. చెక్క పలక మీద వేసింది, నాలుగు వందల ఏళ్ళ నాటిది. వేసినవాళ్ళ పేరు ఎవరికీ తెలియదు.

కథ బైబిల్లోది. బాబిలోను అనే ఊళ్ళో సూసన్న అని ఒక ఇల్లాలు. వాళ్ళ తోటలోకి ఇద్దరు ముసలి న్యాయాధిపతులు వస్తూ పోతూ ఉండేవాళ్ళు. ఒకరోజు ఆమె స్నానానికి వస్తే, పొంచి ఉండి, మా మాట వినకపోతే నీ పేరు చెడగొడతామన్నారు. ఆమె వినలేదు. మరుసటి రోజు ఇద్దరూ ఊరి ముందు నిలబడి, తోటలో చెట్టు కింద పరాయి మగాడితో ఉండగా మా కళ్ళతో చూశామని సాక్ష్యం చెప్పారు. పెద్దవాళ్ళు కదా, అందరూ నమ్మేశారు. రాళ్ళతో కొట్టి చంపమని తీర్పు. ఆమెను తీసుకుపోతుంటే దానియేలు అనే పడుచువాడు అడ్డం వచ్చి, "విచారించకుండానే తీర్పు చెప్తారా, ఈ ఇద్దర్నీ విడివిడిగా నిలబెట్టండి" అన్నాడు. ఒక్కొక్కరినీ ఒకే మాట అడిగాడు: ఏ చెట్టు కింద చూశావు? ఒకడు బంక కారే చిన్న చెట్టు అన్నాడు. ఇంకొకడు పెద్ద సిందూర చెట్టు అన్నాడు. అంతే, అబద్ధం బయటపడింది. ఆమె బతికింది.

ఈ దేశాల్లో చిత్రకారులు ఈ కథను వందల ఏళ్ళు వేశారు తాతా. కానీ ఎక్కువమంది వేసింది స్నానం సీను. డబ్బున్న దొరలు గోడకు తగిలించుకోవడానికి అదే కావాలన్నారు మరి. విచారణ వేసినవాళ్ళు తక్కువ. మా పలక అందులో ఒకటి. ఇద్దరు గడ్డాలవాళ్ళు ఆమె తల మీద చెయ్యి పెట్టి సాక్ష్యం చెప్తుంటారు, ఆ కాలంలో అదే ఆనవాయితీ అంట. దానియేలు వేలెత్తి నిలబడి ఉంటాడు. నీకు నవ్వు వచ్చే సంగతి ఇంకొకటి. చిత్రకారులు బాబిలోను చూసినవాళ్ళు కాదు. అందుకని తమ ఊరి బట్టలు, తమ ఊరి గోపురం, తమ వీధి చెట్లు పెట్టి వేసేశారు. మా పలకలో సూసన్న ఈ ఊరి షావుకారు భార్య లాగే ఉంది. ఫోటో పంపుతున్నాను.

గుడ్డతో తుడవరు తాతా. పుల్లకు దూది చుట్టి, నోట్లో తడుపుకుని, ఉమ్మితో మెల్లగా రుద్దుతారు. నిజంగానే. పటానికి పట్టిన మురికికి ఉమ్మి కంటే మంచి మందు చాలాసార్లు దొరకదని మా మేడం చెప్తుంది.

అమ్మ ఎలా ఉంది? పాత్రల సంగతి కాదు, అమ్మ సంగతి రాయి.

నీ
చంద్రిక

*

బైరకూరు,
ఫిబ్రవరి 24

అమ్మా చంద్రికా,

ఉమ్మేదానికా నిన్ను విమానం ఎక్కించి పంపించింది? మారప్ప అంగడి ముందర రోజూ ఇరవై మంది ఉమ్ముతారు. వాళ్ళకెవరికీ స్కాలర్‌షిప్పు ఇయ్యలేదు.

నువ్వు రాసిన కథ మాత్రం బంగారం. చదివినాక నాకు కూర్చోను నిలువను కాలేదు. ఆ దానియేలు మొగోడు. గడ్డాలను చూసి బెదరలేదు. నేనూ బెదరను. మార్చిలో ఆ ఇద్దర్నీ వేరే వేరే నిలబెట్టి, ఏ చెట్టు కింద అని నేను అడుగుతాను. ఆఫీసరు ముందర వాళ్ళ గడ్డాలు నేను దించుతాను. వాళ్ళకు గడ్డాల్లేవు, మీసాలు దించుతాను.

కథ నిజమా కాదా అని కనుక్కునేదానికి మారికుప్పం పోయి వచ్చినాను. మన లైనులో పక్కింటి ఆరోగ్యమ్మ తావ అడిగితే, మా బైబుల్లో ఉండాది అని తీసి చూపించింది. ఎదురింటి శామ్యూలు, మా దాంట్లో లేదు, మీరు యాడినుంచి తెచ్చినారు అని గొడవకు వచ్చినాడు. వాళ్ళది వేరే చర్చి, వీళ్ళది వేరే చర్చి. ఇద్దరికీ నేనే కాఫీ ఇప్పించి, కథ బాగుండాది, ఇంగ ఊరుకోండి అని చెప్పి రైలెక్కినాను.

నువ్వు పంపిన పటం ఫోటో శానా మంది చూసినారు. జాబు అంగడికి వస్తాది కదా, అందరి ముందర్నే విప్పేది. మారప్ప ఆ ఫోటోను బిస్కెట్ల గాజు డబ్బాకు ఆనించి నిలబెట్టినాడు. కథ చెప్పమని అందరూ అడిగినారు. చెప్పినాను. నేను చెప్తే ఎట్లుంటాదో నీకు తెలుసు కదా. నీ బంక చెట్టు, సిందూర చెట్టు ఈడ ఎవరికి తెలుసు? ఆ పటం గీసినోళ్ళు వాళ్ళ ఊరి చెట్లు పెట్టుకున్నారని నువ్వే రాస్తివి. నేనూ మన చెట్లు పెట్టినాను. ఒకడు కానగ చెట్టు అన్నాడు, ఇంకొకడు చింత చెట్టు అన్నాడు అని చెప్పినాను. అంగడంతా ఒకటే నవ్వు. బెంచీ కడాన దొడ్డమునియప్ప కూర్చొని అంతా విన్నాడు. టీ సగం తాగి గ్లాసు పెట్టేసి లేచిపోయినాడు. ఆయప్ప మొగం చూడాల్సింది నువ్వు. ఆ పొద్దు నాకు రెండు ముద్దలు ఎక్కువ పోయినాయి.

మీ అమ్మ బాగుండాది. నిన్న డైరీ నుంచి వచ్చి, గంగులమ్మత్త ఈ పొద్దు కూడా మాట్లాడలేదు నాయనా అనింది. గంగులమ్మ దొడ్డమునియప్ప పెండ్లాము. మొగుడు ఒకపక్క అర్జీ ఇస్తే పెండ్లాము ఏం మాట్లాడతాది. మీ అమ్మ అంతకంటే ఏమీ చెప్పలేదు. నేనూ అడగలేదు. నేనుండాను కదా, ఆమెకేం భయం.

నీ తాత
రామాంజినప్ప

*

ఆంట్వెర్ప్
మార్చి 4

తాతా,

కోపం తెచ్చుకోకుండా చదువు. తెచ్చుకున్నా చదువు.

ఏ ప్రశ్న అడగబోతున్నావో ఆ ప్రశ్నను దొడ్డమునియప్ప తాత ముందే కూర్చుని చెప్పావా? దానియేలు గెలిచింది ఆ ముసలివాళ్ళకు ప్రశ్న ముందుగా తెలియదు కాబట్టి. ఈ ఇద్దరికీ తెలుసు. ఇప్పటికే కూర్చుని ఒక చెట్టు పేరు అనుకుని ఉంటారు. నువ్వు అడుగుతావు, ఇద్దరూ ఒకే చెట్టు చెప్తారు, ఊరంతా "చూశారా, నిజమే" అంటుంది. అప్పుడు అమ్మ గతేమిటి? నీ ప్రశ్నే వాళ్ళకు సాక్ష్యం అవుతుంది. దయచేసి అది అడగొద్దు.

ఇంకొక సంగతి చెప్పాలి. ఈ వారం నా దూది సూసన్న ముఖం దాకా వచ్చింది. నాలుగు వందల ఏళ్ళ పొగ పోయి ముఖం తెల్లబడింది. పలకలో అందరి నోళ్ళూ తెరిచే ఉన్నాయి. ముసలివాళ్ళవి, దానియేలుది, వెనక నిలబడ్డ జనాలవి కూడా. ఆమె ఒక్కతే నోరు మూసుకుని ఉంది. కథ మళ్ళీ చదివాను. ఆమె దేవుడికి మొరపెట్టుకుంటుంది. అంతే. అంత పెద్ద విచారణలో ఆమెను ఒక్కరు ఒక్క ప్రశ్న కూడా అడగరు తాతా. అబద్ధం చెప్పినవాళ్ళూ మగవాళ్ళే, నమ్మినవాళ్ళూ మగవాళ్ళే, కాపాడినవాడూ మగవాడే. ఇక్కడి మ్యూజియంలలో ఈ విచారణ ఎక్కడ ఉందని చెప్పినా వెళ్ళి చూశాను. దానియేలు నడిమధ్యన ఉంటాడు, వెలుగంతా అతని మీదే. ఆమె ఒక పక్కన ఉంటుంది.

నీ కిందటి జాబులో "నేనూ అడగలేదు" అని రాశావు. అది చదివి నాకు అన్నం తినబుద్ధి కాలేదు. ఆ అర్జీ గురించి అమ్మ ఏమంటుందో ఒక్కసారైనా అడిగావా? డైరీలో రోజూ ఉండేది ఆమె. నువ్వు కాదు, దొడ్డమునియప్ప తాత కాదు.

ఈ జాబు విచారణకు ముందు చేరాలని ఎక్స్‌ప్రెస్ పోస్టులో వేస్తున్నాను.

నీ
చంద్రిక

*

బైరకూరు,
మార్చి 13

చంద్రికా,

నీ జాబు ఈ పొద్దు వచ్చింది. రేపు విచారణ.

నాకు బుద్ధి చెప్పేంత పెద్దదానివైనావు. సంతోషము. భూమి లోపల పై రాయి కూలతా ఉంటే ఏ పక్కకు పరిగెత్తాల్నో నాకు ఎవరూ జాబు రాసి చెప్పలేదు. బతికి వచ్చినాను.

వాళ్ళిద్దరూ మాట కలుపుకోలేరు. దొడ్డమునియప్ప తూర్పు అంటే చెన్నరాయప్ప పడమర అనే రకము. మీ అమ్మను ఈ ఊరికి ఇచ్చిన నాటి నుంచీ చూస్తా ఉండా. ఒక పెండ్లికి జతగా పోయి వచ్చి, పాయసం పెట్టినారా లేదా అని కొట్టుకున్నారు. నా ప్రశ్న నేను అడుగుతాను.

మీ అమ్మను అడిగేదేముంది. ఆమె ఆడ రాగి ముద్ద కెలకతా ఉండాది. ఆమె చేయలేదు, నాకు తెలుసు, అయిపోయింది. ఇంగ రేపు అయినాక రాస్తాను.

రామాంజినప్ప

*

బైరకూరు,
మార్చి 16

అమ్మా చంద్రికా,

గెలిచినాము.

అది ముందు రాసేస్తా ఉండా, లేదంటే నువ్వు కడా దాకా ఊపిరి బిగబట్టి చదువుతావు. ఇంగ నిదానంగా కూర్చో. అంతా చెప్తాను. నా మర్యాద పోయిన చోటు కూడా చెప్తాను. నేను దాచిపెట్టినా మీ అమ్మ ఫోనులో చెప్పి నవ్వుతాది, ఆమెకు ఇప్పుడు జాబుల సంగతంతా తెలుసు.

ఇస్కూలు వరండాలో పెట్టినారు విచారణ. ఆఫీసరు చిన్న వయసువాడు, మంచిగా ఉండాడు, ఊరికి కొత్త. ఆయనకు కుర్చీ. పెద్దమనుషులకు బెంచీలు. ఆడోళ్ళు కింద, ఆవలి స్తంభం తావ. మీ అమ్మ వాళ్ళ మధ్యలో కూర్చోనుంది. నేను తెల్ల పంచె కట్టుకొని పోయినాను.

ఆఫీసరు అర్జీ చదివినాడు. ఇద్దరూ లేచి, నిజం సార్, మేము చూసినాము సార్ అన్నారు. అప్పుడు నేను లేచినాను. "సార్, ఈ ఇద్దర్నీ వేరే వేరే నిలబెట్టి నేను ఒకే ఒక మాట అడగాల" అన్నాను. ఆఫీసరు సరే అన్నాడు. చెన్నరాయప్పను ఇస్కూలు గదిలోకి పంపి తలుపు వేసినారు. నేను దానియేలు మాదిరి వేలెత్తినాను. ఎత్తినాను, నిజం చెప్తా ఉండా.

"దొడ్డమునియప్పా, నా కూతురు ఏ చెట్టు కింద నిలబడి నీళ్ళు పోసింది?"

"కానగ చెట్టు కింద."

ఒక్క నిమిషం కూడా ఆలోచన చేయలేదు ఆయప్ప. ఆయన్ను బయట నిలబెట్టి చెన్నరాయప్పను పిలిచినాను. అదే మాట అడిగినాను.

"కానగ చెట్టు కింద రామాంజినప్పా. ఇంకే చెట్టు కింద?"

బెంచీల మీద మగోళ్ళంతా తల ఊపినారు. మాట కలిసింది, నిజమే అని ఎవరో గట్టిగా అన్నారు. ఆఫీసరు అది రాసుకున్నాడు. నువ్వు రాసింది రాసినట్లు జరిగింది. నా వలలో నా కూతుర్నే తోసినాను. ఎత్తిన వేలు యాడ పెట్టుకోవాల్నో తెలీలేదు.

ఆవలి స్తంభం తావ ఆడోళ్ళు కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఊగుతా ఉండారు. నా బిడ్డ ఓడిపోతా ఉంటే వీళ్ళకు నవ్వేంటికి అని నాకు కోపం వచ్చింది.

అప్పుడు మీ అమ్మ లేచింది. కొంగు బిగించుకొని నిదానంగా లేచింది.

"సార్, అర్జీ నా మీద. ఇంతసేపూ నన్ను ఎవరూ ఒక మాట అడగలేదు" అనింది.

ఆఫీసరుకు సిగ్గయినట్లుంది. "చెప్పమ్మా" అన్నాడు.

"నేను చెప్పేదేమీ లేదు సార్. అడిగేది ఉండాది. మునియప్ప మామా, ఆ కానగ చెట్టు నాకు చూపించు. అందరం పోదాము. డైరీ యాడనో లేదు, ఈ గోడకు ఆవల్నే కదా."

దొడ్డమునియప్ప చెన్నరాయప్పను చూసినాడు. చెన్నరాయప్ప ఆకాశాన్ని చూసినాడు. ఆఫీసరు లేచినాడు. ఆయన వెనకాల ఊరంతా లేచింది.

చంద్రికా, కొత్త డైరీ కట్టి రెండేండ్లయింది కదా, ఊరి కడాన రాళ్ళ నేల మీద. దాని ముందర నేను ఎన్నిసార్లో పోయినాను. వెనక్కి ఒక్కసారి పోలేదు. మగోళ్ళు ఎవరూ పోరు. క్యాను మోసేదీ, కడిగేదీ, వ్యాను వచ్చే దాకా ఎండలో నిలబడేదీ ఆడోళ్ళే. ఆ పొద్దు మేమంతా మొదటిసారి ఆ వెనక్కి పోయి నిలబడినాము. ఎర్ర మన్ను, రాళ్ళు, కడిగిన నీళ్ళు పోయే కాలువ. చెట్టు లేదు. కానగ లేదు, చింత లేదు, తుమ్మ కంప కూడా లేదు. నీడ కావాలంటే దూరంగా నీలగిరి తోపు దాకా పోవాల. "ఈడ ఒక చెట్టు నాటించండి, ఎండకు సస్తా ఉండాము అని మేము పంచాయితీకి ఎన్నిసార్లు చెప్పినామో ఈ మునియప్ప మామను అడగండి సార్" అని ఒక ఆడమనిషి అనింది. ఇంగ అందరూ నోటికి అడ్డం పెట్టిన కొంగులు తీసేసి నవ్వినారు. ఇద్దరూ ఒకేసారి లేని చెట్టు పేరు చెప్పినప్పుడే ఆడోళ్ళకు అంతా అర్థమైపోయింది. మాకే తెలీలేదు. ఏ చెట్టు అని నేను అడిగినాను. చెట్టు ఉండాదా అని అడగలేదు.

చెన్నరాయప్ప తెలివి చూపించినాడు. "ముందు ఉండింది సార్. మొన్న నరికేసినారు" అన్నాడు.

"మొద్దు చూపించు చిన్నాయనా" అనింది మీ అమ్మ. "వేరు చూపించినా చాలు. పార తెప్పిస్తాను."

ఆయప్ప నేల వెతికినాడు. నిజంగానే వెతికినాడు, వంగి. అది చూసి ఆఫీసరు కూడా నవ్వినాడు. దొడ్డమునియప్పకు రోషం వచ్చింది. ఆ రోషంలో ఊరందరి ముందర ఏమన్నాడో విను:

"నన్నేంటికి చూస్తారు? కానగ చెట్టు అని చెప్పింది ఈ రామాంజినప్పే. టీ అంగడిలో పటం పెట్టుకొని చెప్పినాడు. ఆయన చెప్పిందే మేము చెప్పినాము."

అన్నాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అప్పటికే ఆఫీసరు కలం తీసినాడు.

ఇంగ దానియేలు పని ఎవరు చేసినారో నువ్వే చెప్పు. నేను కాదు. నేను చెట్టు నాటినాను అంతే, టీ అంగడిలో. ఆ చెట్టుకు ఇద్దర్నీ కట్టేసింది మీ అమ్మ. ఆ పటాలు గీసిన తెల్లోళ్ళకు ఈ సీను కనపడలేదు, పాపము. వాళ్ళు బైరకూరు రాలేదు.

ఆఫీసరు "వీళ్ళ మీద కేసు పెట్టాల్నా అమ్మా" అని అడిగినాడు. జనంలో ఎవరో, ఆ రెండు ఇండ్ల పాలు నిలిపేయండి అన్నారు. మీ అమ్మ వొద్దనింది. "పాలు పోసేది గంగులమ్మత్త. పొద్దున్నే లేచి పిండేదీ ఆమే. ఆమెకేంటికి శిక్ష? ఆ అర్జీ వీళ్ళే వాపసు తీసుకోవాల. అబద్ధం అని ఈ ఇద్దరి నోటితో ఈడ్నే, ఈ చెట్టు కింద చెప్పించండి" అనింది. లేని చెట్టు కింద నిలబడి, ఎండలో, ఇద్దరూ చెప్పినారు. చెన్నరాయప్ప మెల్లగా చెప్తే ఆడోళ్ళు "వినపడలేదు" అన్నారు. ఇంకోసారి చెప్పించినారు.

ఇంటికి వచ్చినాక మీ అమ్మ నాకు ముద్ద పెట్టి ఎదురుగా కూర్చొనింది. "నాయనా, రెండు నెలలు ఈడుండి నన్ను ఒక్కమాట అడిగింటే, వెనకాల చెట్టు లేదని నేను మొదటి పొద్దే చెప్పింటిని కదా" అనింది. ముద్ద బాగుండాది అన్నాను. "మాట మార్చొద్దు" అనింది. సరే, అడగలేదు, తప్పు నాదే అన్నాను. నీ జాబులన్నీ ఆమె చేతికి ఇచ్చేసినాను. కూర్చొని అన్నీ చదివింది. సూసన్న మొగం తుడిచిన జాబు రెండుసార్లు చదివింది. ఏడవలేదు. "నా బిడ్డ పని నేర్చుకుంటా ఉండాది" అనింది.

మరుసటి పొద్దు సంగతి చెప్పి ముగిస్తాను.

మీ అమ్మ ముందుగానే డైరీకి పోయింది. మన ఇంటి పాలు నేను తీసుకొని పోయినాను. నా జీవితంలో అదే మొదలు. ఆడ ఆడోళ్ళ లైను. అందరి కన్నా ముందర ఎవరు నిలబడినారనుకున్నావు, గంగులమ్మ. రాదేమో, వేరే డైరీకి పోస్తాదేమో అని ఊరంతా అనుకొనింది. తల ఎత్తే వచ్చింది ఆమె. మీ అమ్మ అందరికీ మాదిరే ఆమె పాలు కొలిచింది, మిషన్లో పెట్టింది, చీటీ ఇచ్చింది. "అత్తా, నీ ఎర్రావు పాలు ఈ పొద్దు బాగా చిక్కగా వచ్చినాయి" అనింది. గంగులమ్మ చీటీ మడిచి రవికలో పెట్టుకొని, "కొత్త గడ్డి వేస్తా ఉండాములే నేత్రా" అనింది. అంతే మాట. లైనులో అందరూ ఊపిరి వదిలినారు. వెనకాల ఎవరో సినిమా పాట మొదలుపెట్టినారు. ఇంగ ఒకరి మాట మీద ఒకరు మాట్లాడేదే.

అది చూసి నా రొమ్ము ఇంత పొంగింది. సెక్రెటరి నాయన్ను నేను. గెలిచిన ఇంటివాణ్ణి. పాల చెంబు పట్టుకొని అందర్నీ దాటుకొని నేరుగా కిటికీ తావకు పోయినాను.

మీ అమ్మ తల ఎత్తలేదు. రాసుకుంటానే చెప్పింది.

"నాయనా, లైనులో రా."

ఆడోళ్ళు ఎట్ల నవ్వినారో చెప్పలేను. గనిలోకి దిగే ఇనుప బోను ఎక్కేటప్పుడు ఏ మేస్త్రీ కూడా నన్ను వెనక్కి నిలబడమని చెప్పే ధైర్యం చేయలేదు. మీ అమ్మ చెప్పింది. చెప్పేదానికి ఆమెకు అధికారం ఉండాది. కుర్చీ ఆమెది.

పోయి కడాన నిలబడినాను. నా ముందర ఊరి ఆడోళ్ళంతా ఉండారు. ఎండ ఎక్కుతా ఉండాది, నీడ లేదు, నాకు ఏమీ తొందర లేదు.

నీ తాత
రామాంజినప్ప